గదిలోనే ఎనిమిది దృశ్యాలు

కోటో అని జపాన్‌లో 13 తీగల వాద్యం ఉంది. నేల మీద పొడుగ్గా పెట్టి వాయిస్తారు. ప్రతి తీగ కిందా దాన్ని పైకెత్తి పట్టే చిన్న చెక్కముక్క ఒకటి ఉంటుంది. అవన్నీ ఏటవాలు వరసలో నిలబడి ఉంటాయి. సుజుకి హరునొబు 1766 ప్రాంతంలో వేసిన ఒక రంగుల అచ్చుబొమ్మలో ఇద్దరు ఆడవాళ్ళు ఈ కోటో ముందు కూర్చున్నారు. ఒకావిడ మీటడానికి వేళ్ళకి గోళ్ళు తొడుక్కుంటోంది, ఇంకొకావిడ పుస్తకం చూస్తోంది. బొమ్మ పేరు మాత్రం ‘కోటో మీద వాలే అడవి బాతులు’. పక్షుల కోసం వెతక్కండి. ఆ చెక్కముక్కల వరసే పక్షుల వరస!

ఇది ఎనిమిది బొమ్మల్లో ఒకటి. చైనాలో షియావో, షియాంగ్ నదుల ప్రాంతం మీద ఎనిమిది దృశ్యాలు కవులకీ చిత్రకారులకీ శతాబ్దాలుగా ఇష్టమైన వస్తువు: ఇసుకతిన్నెల మీద వాలే బాతులు, రేవుకి తిరిగొచ్చే తెరచాపలు, రాత్రి వాన, శరత్కాల చంద్రుడు, దూరపు గుడిలో సాయంకాలం గంట, ఇలాగ. జపాన్ కవులు వాటిని అందుకున్నారు. తర్వాత క్యోకా అనే 31 అక్షరాల హాస్య పద్యాలు వాటిని ఏకంగా ఇంట్లోకి లాక్కొచ్చాయి. హరునొబు ఆ సరదానే బొమ్మ కట్టాడు. అద్దం చంద్రుడైంది. మరిగే నీళ్ళ కెటిల్ చప్పుడు రాత్రి వాన. దండెం మీద గాలికి ఉబ్బిన తువ్వాలు తెరచాప. గడియారం గుడిగంట.

ఇంకో సంగతి మన క్లబ్బు వాళ్ళకి మరీ నచ్చుతుంది. అన్ని రంగులతో అచ్చువేయడం అక్కడ ఊపందుకున్నదే కవుల బృందాల వల్ల. అప్పటి జపాన్ పంచాంగంలో ఏ నెలకి 30 రోజులో, ఏ నెలకి 29 రోజులో ఏటేటా మారేది. క్యాలెండర్ అచ్చువేసే హక్కు కొందరికే ఉండేది. అందుకని 1765 కొత్త సంవత్సరానికి ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, కవులు పెద్ద నెలల అంకెల్ని బొమ్మల్లో దాచి అచ్చువేయించి ఒకరికొకరు పంచుకున్నారు. హరునొబు వేసిన ఒకదాంట్లో వాన మొదలవగానే బట్టలు తీయడానికి ఒకమ్మాయి పరుగెడుతోంది, కాలి చెప్పు జారిపోతోంది. అంకెలున్నది దండెం మీది బట్ట డిజైన్‌లో! నా బొమ్మ బాగుండాలంటే నాది బాగుండాలని పోటీ. అంతకుముందు అచ్చులో రెండు మూడు రంగులే మామూలు. ఈ పోటీతో రంగుకో చెక్క చెక్కించారు. ప్రతి చెక్క మీదా మూలన ఎల్ ఆకారపు గుర్తు, అంచున తిన్నని గుర్తు ఉంటాయి. కాగితాన్ని ప్రతిసారీ వాటికే ఆనిస్తే రంగు గీత దాటదు. మెకానికల్ వాళ్ళు చెప్పండి, ఇది మనం వర్క్‌షాప్‌లో చేసే పనేగా?

క్యోసెన్ అనే సమురాయ్ ఆ కవుల పెద్దల్లో ఒకడు. ఎనిమిది బొమ్మలూ వేయించింది ఆయనే. మొదటి అచ్చు మీద ఉన్నది కూడా హరునొబు పేరు కాదు, ఆయన పేరే.

“హాస్టల్లో ఏముందని కవిత్వం రాస్తాంరా? ఏరుందా, చెట్టుందా?” అని మన మీటింగుల్లో వింటూనే ఉంటాం. మాది గోదావరి పక్క ఊరు. ఇక్కడ నా కిటికీకి ఎదురుగా పక్క బ్లాకు గోడ, దాని మీద నీళ్ళ పైపులు. ఇంటికెళ్తేనే రాయాలనిపించేది. ఈ బొమ్మలు చూశాక ఒకటి అర్థమైంది. ఆ పాత కవులు నదిని చూపించి ఊరుకోలేదు, చూడ్డం నేర్పారు. ఆ చూపు దొరికాక నది పక్కనే ఉండక్కర్లేదు.

అందుకే ఓ లిస్టు మొదలుపెట్టాను. మే నెల రాత్రి కూలర్‌లో వాన. వరండా గ్రిల్‌కి ఆరేసిన లుంగీల్లో తెరచాపలు. మెస్ తెరిచాక ఒకదాని మీదొకటి పడే స్టీలు కంచాల్లో గుడిగంటలు. మూడయ్యాయి, ఇంకా ఐదు కావాలి. మీ గదుల్లో ఏమున్నాయో కాస్త చూసి చెప్పండి.