వెనక బండిలో ఎవరు కూర్చుంటారు?

కారవాన్ అనగానే మనకు షూటింగ్ స్పాట్ గుర్తొస్తుంది. హీరోగారు షాట్ గ్యాప్‌లో రెస్ట్ తీసుకునే ఏసీ బండి. అమెరికాలో అలాంటి బండినే మోటార్‌హోమ్ అంటారు. రిటైరైన జంటలు సామానంతా అందులో సర్దుకుని నెలల తరబడి తిరిగేస్తుంటారు. పాల ప్యాకెట్ కోసం అంత పెద్ద బండి తీయలేరు కాబట్టి, వెనక ఓ చిన్న కారు కట్టుకుపోతారు. ఆ కారులో మనిషి ఉండడు. మరి దానికి బ్రేక్ ఎవరు వేస్తారు?

ఈ ప్రశ్నకు జవాబు చూడాలంటే అమెరికా వీసా అక్కర్లేదు. ఫలక్‌నుమా నుంచి చార్మినార్ దాకా ఐదు కిలోమీటర్ల పాతబస్తీ రోడ్డు చాలు.

దిగుడులో అసలు కథ

ఫలక్‌నుమా ప్యాలెస్ గుట్ట మీద ఉంటుంది. పైగా వంశానికి చెందిన వికార్ ఉల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టించుకున్నది. ఇప్పుడది స్టార్ హోటల్. పర్యాటకులు ప్యాలెస్ చూసి, క్యాబ్ ఎక్కి నేరుగా చార్మినార్ దగ్గర దిగిపోతారు. ఈసారి మధ్యలో కాస్త ఆగండి. ఇంజన్‌బౌలి, అలియాబాద్, శాలిబండ, నాగుల్‌చింత... గుట్ట దిగి, జనంలోకి దూరిపోయే దారి ఇది. సిటీ బస్సులు, డీసీఎంలు, ఆటోలు, తోపుడు బండ్లు, స్కూలు పిల్లలు అందరికీ ఇదే రోడ్డు.

ఇక్కడ బండి బంద్ పడితే సాయానికి మనుషులు కరువుండరు. ఆగిన ఆటోని ఇంకో ఆటోవాలా కాలు ఆనించి తోసుకుపోవడం హైదరాబాదీలందరికీ తెలిసిన సీనే. చూడ్డానికి సరదాగా ఉంటుంది కానీ, ముందు ఆటో సడెన్‌గా ఆగితే విరిగేది ఆ కాలే. కారు ఆగిపోతే తాడు బయటికొస్తుంది. తాడు ఎవరిదైనా, ముందు కారు ఎవరిదైనా, పని తెలిసిన మెకానిక్ అడిగే మొదటి మాట ఒక్కటే: "పీఛే కౌన్ బైఠేగా భాయ్?" మన భాషలో, "ఎనక ఎవరు కూసుంటరన్నా?"

లాగడానికి ముందు ఇంజన్ ఒక్కటి చాలు. ఆపడానికే చాలదు. రెండు కార్ల బరువూ సమానమనుకోండి. రెండింటినీ ఒకదాని బ్రేకులతోనే ఆపాలంటే ఆగే దూరం దాదాపు రెట్టింపవుతుంది. పైగా తాడు లాగుతుందే తప్ప ఆపదు. ముందు కారు బ్రేక్ వేస్తే తాడు వదులవుతుంది, వెనక కారు అదే ఊపులో వచ్చి దాని డిక్కీకి కొడుతుంది. దిగుడులో ఇంకా కష్టం. వెనక కారు తనంతట తానే దొర్లుతుంది, వదులైన తాడు చక్రం కింద పడుతుంది, మళ్లీ బిగిసినప్పుడు ఫట్‌మని తెగుతుంది. తెగిన తాడు కొరడాలా తిరిగి కొడుతుంది. తాడు నుంచి విడిపోయిన కారు వెళ్లేది ఎక్కడికి? కింద బస్సు కోసం నిలబడ్డ జనంలోకి.

అందుకే వెనక స్టీరింగ్ దగ్గర కూర్చునేవాడు ఉత్త ప్యాసింజర్ కాదు. ఈ జంట బండికి అసలు బ్రేక్ అతనే. ముందువాడు వేగం తగ్గించబోతుంటే, వెనకవాడు ఓ అర క్షణం ముందే పెడల్ మీద కాలు పెట్టాలి. తాడు ఎప్పుడూ బిగుతుగా ఉండాలి.

రూల్ కూడా అదే అంది

1989 నాటి రోడ్డు నిబంధనలు ఈ సంగతిని సూటిగా చెప్పాయి. చెడిపోయిన బండిని లాగితే వెనక డ్రైవర్ సీట్లో లైసెన్స్ ఉన్న మనిషి ఉండాలి. లేదా దాని ముందు చక్రాలను క్రేన్‌తో పైకెత్తాలి. రెండు బండ్ల మధ్య 5 మీటర్లకు మించి దూరం ఉండకూడదు. వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదు. 2017లో వీటి స్థానంలో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి.

24 అంటే మరీ నత్తనడక అనిపిస్తోందా? ఆ వేగంలో కారు ఒక్క సెకనులో దాదాపు 6.7 మీటర్లు వెళ్తుంది. మీ మధ్య ఉన్న తాడు 5 మీటర్లే. వెనక కూర్చున్న తమ్ముడు ఫోన్‌లో రీల్ చూస్తుంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

వంతెన మీద నుంచి ఒక పాఠం

ఫలక్‌నుమా రైల్వే వంతెన మీద ఓ పక్కగా నిలబడి కిందికి చూడండి. కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ వైపు వెళ్లే రైళ్లు ఇటే పోతాయి. ముందు ఇంజన్, వెనక బరువైన బోగీల వరస. వీటన్నిటినీ ఇంజన్ బ్రేక్ ఒక్కటే ఆపుతుందా? కాదు. ప్రతి బోగీకీ సొంత బ్రేకులుంటాయి. రైలు పొడవునా ఒక గాలి పైపు. దాంట్లో పీడనం ఉన్నంతసేపు బ్రేకులు వదిలి ఉంటాయి, పడిపోతే పట్టేస్తాయి. పొరపాటున బోగీ ఊడిపోయిందనుకోండి. పైపు తెగుతుంది, గాలి పోతుంది, రెండు ముక్కలూ వాటంతటవే ఆగుతాయి. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1870ల్లో తెచ్చిన ఆలోచన ఇది. ఇప్పటికీ కోట్ల మంది ప్రాణాలు దీని మీదే ప్రయాణిస్తున్నాయి.

మోటార్‌హోమ్ వాళ్లు చేసేదీ ఇదే. కారులో డ్రైవర్ సీటు ముందు చిన్న పెట్టె పెడతారు. దాని చెయ్యి బ్రేక్ పెడల్‌ని పట్టుకుని ఉంటుంది. ముందు బండి నెమ్మదించగానే పెట్టెలోని సెన్సర్ పసిగట్టి, ఎంత అవసరమో అంత పెడల్ నొక్కుతుంది. కొక్కెం ఊడిపోతే ఓ సన్నటి తీగ స్విచ్‌ని లాగి, కారుకు పూర్తి బ్రేక్ వేయిస్తుంది. డ్రైవర్ ముందు ఓ లైటు కూడా వెలుగుతుంది. వెనక బ్రేక్ పట్టుకుని వదలకపోతే ప్యాడ్లు వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది మరి. అంటే, మెకానిక్ అడిగిన ఆ "వెనక మనిషి" పనే పెట్టె చేస్తోంది.

ఇప్పుడు వినాయక నిమజ్జనం రోజుకి రండి. బాలాపూర్ గణపతి శోభాయాత్ర సాగేది ఈ రోడ్డు మీదుగానే. చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, అలియాబాద్, చార్మినార్. దారి పొడవునా చిన్నాపెద్దా బండ్ల మీద విగ్రహాలు, చుట్టూ డాన్స్ చేసే కుర్రాళ్లు. మన దగ్గర చాలా ట్రాక్టర్ ట్రాలీలకు సొంత బ్రేకులుండవు. విగ్రహం, మండపం, పైన ఎక్కిన పాతికమంది బరువంతా ట్రాక్టర్ బ్రేకుల మీదే. దిగుడులో ట్రాలీ ముందు నడవకండి. ట్రాక్టర్‌కీ ట్రాలీకీ మధ్య కొక్కెం మీద అసలే కూర్చోకండి. మీ బస్తీలో ట్రాలీ మాట్లాడేటప్పుడు లైటింగ్, డీజే గురించి అడిగినట్టే బ్రేక్ గురించీ అడగండి.

మీ కారే ఆగిపోతే

ఇంజన్ ఆఫ్‌లో ఉంటే ఒకట్రెండు సార్లు నొక్కాక బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడుతుంది. దానికి సాయం చేసే బూస్టర్‌కి ఇంజన్ నడవాలి మరి. స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. కాబట్టి కాలు, చేతుల్లో బలమున్న, డ్రైవింగ్ బాగా వచ్చిన మనిషే వెనక కూర్చోవాలి. తాళం తీసేయకండి, స్టీరింగ్ లాక్ పడిపోతుంది. తాడు బంపర్‌కి కట్టకండి. చాలా కార్ల టూల్ కిట్‌లో ఓ కొక్కెం ఉంటుంది, బంపర్ మీద చిన్న మూత తీసి అక్కడ బిగించాలి. తాడు మధ్యలో ఎర్రగుడ్డ కట్టండి, లేకపోతే మధ్యలోంచి బైకు దూరుస్తారు. హజార్డ్ లైట్లు వేయండి. చేతి సైగలు ముందే మాట్లాడుకోండి.

ఆటోమేటిక్ గేర్ కారైనా, ఎలక్ట్రిక్ కారైనా తాడు జోలికే పోవద్దు. చక్రాలు తిరిగితే లోపల గేర్‌బాక్సో మోటారో దెబ్బతినొచ్చు. బ్రేకులే ఫెయిలైన కారుకైతే తాడు అసలు జవాబే కాదు. వీటన్నిటికీ ఫ్లాట్‌బెడ్ ట్రక్కే దారి. నాలుగు చక్రాలూ పైకెక్కుతాయి కాబట్టి వెనక ఎవరూ కూర్చోనక్కర్లేదు.

ట్రాఫిక్‌లో ఆ ట్రక్కు రావడానికి గంట పట్టొచ్చు. పట్టనివ్వండి. శాలిబండలో ఇరానీ చాయ్‌కి, ఉస్మానియా బిస్కెట్‌కి కొదవలేదు.