ఖాళీ అనుకున్న జాబితా

కంప్యూటరు శాస్త్ర విద్యార్థులమైన మేము నలుగురము గత సంవత్సరం ఆపరేటింగ్ సిస్టం కెర్నెల్‌కు ఒక చిన్న నమూనా వ్రాయ సంకల్పించాము. అప్పుడు జరిగిన పొరపాటును, అది నేర్పిన పాఠాన్ని సోదర విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1991లో వెలువడిన లినక్స్ కెర్నెల్‌లో 2002లో ఆర్.సి.యు. అనే పద్ధతి చేరింది. రీడ్, కాపీ, అప్‌డేట్ అనే మూడు మాటల పొడి అక్షరాలివి. ఇందులో సమాచారాన్ని చదివేవారు దానికి తాళం వేయనక్కరలేదు. మార్చేవారు పాత ప్రతిని పక్కకు తీస్తారే గాని, అంతకు ముందే దానిని చదువుతున్నవారందరూ ముగించేవరకు ఆ మెమరీని విడిచిపెట్టరు. “వారు ముగించిన తరువాత ఈ పని చేయవలెను” అని ఒక చీటీ వ్రాసి జాబితాలో ఉంచుతారు. ఆ చీటీయే కాల్‌బ్యాక్. ఒకే జాబితా కోసం అందరూ తొక్కిసలాడుకోకుండా ప్రతి ప్రాసెసర్‌కూ వేరుగా ఒక జాబితా ఉంటుంది.

మా నమూనాలోనూ ఇట్టి జాబితాలనే అమర్చాము. జాబితాకు ఆదిని చూపే గుర్తు ఒకటి, అంతాన్ని చూపే గుర్తు ఒకటి. జాబితా ఖాళీగా ఉన్నప్పుడు అంతపు గుర్తు, ఆది గుర్తు ఉన్న చోటునే చూపవలెను. ఈ ఏర్పాటు జరగకముందే చీటీ వస్తే అంతపు గుర్తులో సున్నా తప్ప మరేమీ ఉండదు. ఆ సున్నా చిరునామాలో వ్రాయబోయి మా కెర్నెల్ మొదటినాడే కుప్పకూలింది.

వెంటనే, చీటీ వచ్చే వేళకు జాబితా సిద్ధంగా లేకపోతే అక్కడికక్కడే సిద్ధపరచేటట్లు వ్రాసి నిశ్చింతగా ఉన్నాము. కూలడం ఆగింది, అంతకంటె కష్టమైనది మొదలైంది. ఆ తరువాత నడిచే ప్రారంభ ఘట్టం జాబితాలన్నిటినీ మళ్లీ ఖాళీ చేస్తున్నది! ముందు వచ్చిన చీటీలు చప్పుడు లేకుండా మాయమైనాయి. తన చీటీ నెరవేరుతుందని నమ్మిన ఒక పని ఎదురుచూస్తూ అక్కడే నిలిచిపోయింది. తెరపై ఏ హెచ్చరికా లేదు. మూడు రాత్రులు వెదికాము.

చివరకు దొరికిన పరిష్కారం ఒక్క ప్రశ్న: “ఇది ఇదివరకే సిద్ధమైనదా?” కానప్పుడు మాత్రమే సిద్ధపరచవలెను. ఈ ప్రశ్నకూ ఆ పనికీ నడుమ ఇంటరప్టు వచ్చి అదే జాబితాలో చీటీ వేయకుండా, ఆ కాసేపు ఆ ప్రాసెసర్‌పై ఇంటరప్టులను ఆపవలెను. లినక్స్ సోర్సు కోడ్ తెరచి చూడగా, ప్రాసెసర్‌ను సిద్ధపరచే చోట ఇదే ప్రశ్న కనిపించింది. ముందుగా అక్కడ చూడనందుకు సిగ్గుపడ్డాము.

ఆ రాత్రి మాలో ఒకరు చాలాసేపు మౌనంగా ఉన్నారు. కొన్నేళ్ల క్రితం వారి ఉపకారవేతనపు దరఖాస్తు ఒక కార్యాలయానికి కొత్త రిజిస్టరు తెరువకముందే చేరిందట. రిజిస్టరు తెరచిన తరువాత అందులో వారి పేరు లేదు. “దరఖాస్తు రాలేదు” అన్నారు. ఆ ఏటి సొమ్ము అందలేదు. అక్కడ ఎవరూ అపకారం తలపెట్టలేదు. సొరుగు మాత్రం ఎవరూ తెరచి చూడలేదు.

రేపు మాలో కొందరు ప్రోగ్రాములు వ్రాస్తారు, కొందరు రిజిస్టర్లు తెరుస్తారు. మొదటి పుటపై “ఖాళీ” అని వ్రాసే ముందు, మనకంటె ముందే వచ్చి నమ్మకంతో చీటీ ఉంచి వెళ్లినవారు ఉన్నారేమో చూడడం మన విధి.