రెండో గంట

మా ఊరి గుళ్ళో ఆదివారం రెండు గంటలు కొడతారు. గుడి అంటే చర్చే. మా పల్లెలో అందరం గుడి అనే అంటాం, హైదరాబాదులో ఆ మాట వాడితే ఫ్రెండ్స్ కాస్త తికమకపడతారు. మొదటి గంట తొమ్మిదిన్నరకి. దానికి ఎవరూ కదలరు. నీళ్ళు కాగాయో లేదో చూసుకోవడానికీ, పిల్లల్ని నాలుగు తిట్టి స్నానానికి తోలడానికీ పనికొచ్చే గంట అది. రెండో గంట పదిన్నరకి. అది మోగాక మా పెద్దమ్మ పాట ఎత్తుకోవాలి. ఎత్తుకోదు. కొంగు తల మీదికి లాక్కుని, చాప మీద కూర్చున్నచోటు నుంచే వెనక్కి తిరిగి గుడంతా ఒకసారి చూస్తుంది. ఆ తర్వాతే పాట.

ఆ చూపు దేనికో చిన్నప్పుడు తెలిసేది కాదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళని గుర్తుపెట్టుకుని తర్వాత దులిపెయ్యడానికేమో అనుకునేవాణ్ణి. కొంత అందుక్కూడా. కానీ ఆమె అసలు లెక్కపెట్టేది రానివాళ్ళనని నాకు ముప్పై దాటాక, అది కూడా ఒక తప్పు చేశాక గానీ తెలియలేదు.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఆదివారం పదిన్నరకి మామూలుగా నిద్ర లేస్తాను. అప్పటికే అమ్మ ఫోను ఒకటి మిస్సయి ఉంటుంది. “గుడికి పోయావా?” “లేదమ్మా.” “సర్లే, తిన్నావా?” పదేళ్ళుగా ఇదే సంభాషణ. నా దగ్గర ఒక వాదన ఉండేది. నమ్మకం సరిగ్గా లేనివాడు వెళ్ళి కూర్చోవడం అబద్ధం ఆడటమే. దేవుడికీ నాకూ మధ్య ఏదన్నా ఉంటే అది ఎక్కడున్నా ఉంటుంది, దానికి చాప, మైకు, గంటన్నర ప్రసంగం ఎందుకు? ఊరొదిలి చదువుకున్నవాళ్ళలో చాలామందికి ఈ వాదన కొట్టిన పిండే. ఇందులో ఎక్కడా రెండో మనిషి లేడు చూడండి. నేను, దేవుడు, అంతే. పక్క చాప మీద కూర్చునేవాళ్ళ సంగతి నాకు తట్టనే లేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. గుడికి తాళం పడింది. నేను ల్యాప్‌టాప్ పట్టుకుని ఊరికొచ్చాను. ఒంగోలు నుంచి గంట ప్రయాణం, బాప్టిస్టు పల్లె, అరవై ఇళ్ళు. ఒక సాయంత్రం అయ్యగారు (పాస్టరుగారిని మేం అలాగే అంటాం) ఇంటికొచ్చి, “ఏదన్నా చెయ్యరాదా బాబూ, కంప్యూటర్ చదివావుగా” అన్నారు. నా పాత ఫోను, ఒక ట్రైపాడు, ఆరువందల రూపాయల కాలర్ మైకు. ఆదివారానికల్లా లైవ్ సిద్ధం. తాళం వేసిన గుళ్ళో అయ్యగారు, పెద్దమ్మ, డోలకు వాయించే మామ, నేను. స్క్రీన్ కింద అంకె పెరుగుతోంది. ఇరవై, ముప్పై, నలభై రెండు.

కువైట్‌లో ఇంటిపని చేసే మా అక్క ఆ రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. అక్కడ వారం సెలవు శుక్రవారం కాబట్టి చర్చిలో ఆరాధన కూడా శుక్రవారమే. సేఠ్ ఇల్లు కదలనివ్వడు కనక ఆమెకి ఆ శుక్రవారం కూడా లేదు. వంటింట్లో చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని, గిన్నెలు తోముతూ, ఆరేళ్ళ తర్వాత పెద్దమ్మ పాట విన్నది. ఇంజనీరింగ్ చదివినందుకు పల్లెకి నేను చేసిన మొదటి పని ఇదే అని గర్వపడ్డాను. ఆ గర్వంలో తప్పేమీ లేదని ఇప్పటికీ అనుకుంటాను.

గుడి తెరిచాక కూడా లైవ్ ఆపలేదు. ఎందుకు ఆపాలి? జనానికి అలవాటయింది. ఎండాకాలం, మోకాళ్ళ నొప్పులు, పొద్దున్నే కళ్ళం పని. గుడికి యాభై అడుగుల దూరంలో ఉన్న ఇళ్ళలో కూడా ఫోను గోడకి ఆనించి పెట్టుకుని చూడటం మొదలుపెట్టారు. మధ్యలో పొయ్యి దగ్గరికి వెళ్ళి రావచ్చు. చాపలు సగానికి సగం ఖాళీ. అంకె మాత్రం అరవై దాటింది. నేను హైదరాబాదు నుంచి ఆ అంకె చూసి సంతోషించేవాణ్ణి.

2021లో ఒక శనివారం రాత్రి, గుళ్ళో వెనక గోడకి ఆనుకుని కూర్చునే ఒక అవ్వ తన ఇంట్లో జారిపడింది. ఒంటరి మనిషి, కొడుకులు వలస. తుంటి ఎముక విరిగింది. అరిచినా వినపడనంత మూలకి ఉంటుంది ఆ ఇల్లు. ఆదివారం పొద్దున మొదటి గంట కొట్టారు, రెండో గంట కొట్టారు, పాటలయ్యాయి, ప్రసంగమయింది, కానుక పట్టారు, దీవెన ఇచ్చి పంపేశారు. సాయంత్రం ఒక పిల్ల చేటె తిరిగివ్వడానికి వెళ్తే అప్పుడు తెలిసింది. “ఫోన్లో చూస్తా ఉందేమో అనుకున్నాం” అన్నారు అందరూ. ఆమె దగ్గరున్నది బటన్ల ఫోను. ఆ సంగతి కూడా అందరికీ తెలుసు. ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె మళ్ళీ లేచి నడవలేదు, మూడు నెలలకి పోయింది.

మట్టి చేసి వచ్చాక పెద్దమ్మ మా అరుగు మీద కూర్చుంది. నన్నేమీ అనలేదు. తనలో తను అనుకుంటున్నట్టుగా అంది. “ముందయితే రెండో గంటకి కనపడకపోతే పాట ఆపి పిల్లోణ్ణి పంపేదాన్ని. ఆ రోజు ఎనక్కి తిరిగి చూశానబ్బాయ్. సగం మంది లేరు. ఎవరికోసమని పంపను?”

నా ఉద్యోగంలో హార్ట్‌బీట్ అని ఒకటుంటుంది. వందల సర్వర్లు కలిసి పనిచేసేచోట ప్రతి సర్వరూ కొన్ని సెకన్లకొకసారి ఒక చిన్న సందేశం పంపుతుంది. అందులో సమాచారమంటూ ఏమీ ఉండదు. ఉన్నాను, అని మాత్రమే. వరసగా కొన్ని రాకపోతే ఏదో అయిందని మిగతావాటికి తెలుస్తుంది. పదేళ్ళుగా ఇలాంటివి రాస్తూ బతుకుతున్నవాణ్ణి, అలాంటిదొకటి మా పల్లెలో తరాలుగా నడుస్తుంటే దాన్ని నా చేత్తోనే ఆపేశాను. స్క్రీన్ మీద అంకె ఎంతమందో చెబుతుంది. ఎవరో చెప్పదు. అందరూ ఎప్పుడో ఒకప్పుడు మానేస్తుంటే, ఒకరు రాకపోవడానికి అర్థమే ఉండదు. మిగతావాళ్ళు వారం వారం వస్తుంటేనే రాని ఒక్క మనిషి జాడ తెలిసేది.

ఈ పోలిక నాకు నచ్చింది, కానీ కొంతదూరమే నడుస్తుంది. సర్వర్లకి పాటలుండవు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చూసినవాళ్ళకి తెలుసు, చాలా పాటల నెత్తిన రాగం, తాళం వేసి ఉంటాయి. మా గుళ్ళో ఆ పుస్తకం తెరిచేవాళ్ళు తక్కువ, పెద్దమ్మకి చదువే రాదు. ఆమె ఒక చరణం అందిస్తే మిగతావాళ్ళు అందుకుంటారు. ఆమె మర్చిపోయినచోట గోడవైపు నుంచి ఎవరో ఒకరు ముందుమాట అందిస్తారు. ఏ ఒక్కరికీ పాట మొత్తం రాదని, అందరి దగ్గరా ఉన్న ముక్కలు కలిస్తేనే పూర్తవుతుందని నేను లైవ్ వింటున్నప్పుడు కనిపెట్టాను. ఎందుకంటే అవ్వ పోయాక ఒక పాటలో మూడో చరణం రావడం మానేసింది. పుస్తకంలో ఉంది. గుళ్ళో లేదు.

ఆ ఏడాదే జాన్ క్లవ్ పుస్తకం చదివాను. ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియెంట్’, 1914. ఒంగోలు వైపు వాళ్ళకి క్లవ్ దొర పేరు తెలియకుండా ఉండదు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించినవాడు. కూటికోసం మతం మారారనే మాట రాకూడదని కరువు పనులు జరిగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేసి, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇప్పించినవాడు. పుస్తకం ఆయన మాటగా నడుస్తుంది గానీ, ఆయన పోయాక అచ్చయింది. రాసిపెట్టింది ఆయన భార్య ఎమ్మా. ఏ వాక్యం ఎవరిదో పోల్చుకుంటూ చదవడంలో ఒక సరదా ఉంది. మిషనరీ పుస్తకాల్లో మామూలుగా ఉండే గొప్పలు ఇందులోనూ ఉన్నాయి. నన్ను పట్టుకున్నది మాత్రం ఒక చిన్న సంగతి. కొత్తగా చేరిన మాదిగలకి పెట్టిన నియమాల్లో మొదటిది, ఆదివారం పని చెయ్యకూడదు.

ఇప్పుడు వింటే అది భక్తి నియమంలా ఉంటుంది. అప్పటి ఊళ్ళో అదేమిటో ఆలోచించండి. ఏ రోజు పిలిస్తే ఆ రోజు, ఎంతసేపంటే అంతసేపు వెళ్ళాల్సిన మనుషులు, ఏడింట్లో ఒక రోజు మాది అన్నారు. ఒక్కడు పొలానికి రానంటే వాడికి పొగరు. వాణ్ణి కట్టేసి కొట్టొచ్చు. పల్లె పల్లెంతా గుళ్ళో కూర్చుంటే ఎవర్ని కొడతారు? నిజానికి కొట్టారు, బావులు మూయించారు, కూలి ఎగ్గొట్టారు. కానీ ఒక్కొక్కరినీ విడదీసి కాదు. అప్పట్లో ఎవడన్నా ఆదివారం గుడి ఎగ్గొట్టి పొలానికి పోయాడంటే, వాడు పోగొట్టింది వాడి ఒక్కడి ఆదివారం కాదు.

ఇది చదివాక మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన గుడికి రాడు. వ్యవసాయ కూలీ సంఘంలో తిరిగిన మనిషి. విచిత్రమేంటంటే మాకు గుడిలో ఉండేదీ సంఘమే, నాన్న మీటింగులకి పోయేదీ సంఘమే. “మీటింగుకి రానోడు ఇంట్లో కూర్చుని ఎంత సానుభూతి చూపించినా లాభం లేదురా, లెక్కలోకొచ్చేది తలకాయలే” అనేవాడు. ఆ మాటే ఆదివారం గురించి అమ్మ అంటే ఒప్పుకునేవాడు కాదు. ఇద్దరూ ఒకే మాట మీద ముప్పై ఏళ్ళు పోట్లాడుకున్నారు.

నాన్న రాకపోవడానికి వేరే కారణమూ ఉంది. సంఘ చందా బకాయి పడ్డాడని, హాజరు సరిగ్గా లేదని, ఎప్పుడో ఒక పెళ్ళి దగ్గర పెద్దలు ఆయన్ని నలుగురిలో నిలబెట్టారు. హాజరీని ఇలా కర్రలా వాడటం నేను వేరే ఊళ్ళలోనూ చూశాను. చివరికి సమాధి జాగా దగ్గర కూడా. వచ్చావా లేదా అని అడగడంలో రెండు రకాలుంటాయి. పెద్దమ్మ అడిగేది ఒకటి, ఆ పెద్దలు అడిగింది ఇంకొకటి. రెంటికీ ఒకే వాక్యం కావడం మా దురదృష్టం. నాన్న మళ్ళీ రాలేదు. తప్పు ఆయనదని నేననను.

ఆ పెద్దలకి ఒక సంగతి తట్టి ఉండదు. మా సంఘానికి సరైన రిజిస్టరంటూ ఉండటానికి వీల్లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాదు. ఆ తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, మమ్మల్ని చేర్చలేదు. హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్, ఉద్యోగం అన్నీ ఆ కాగితం మీద ఉన్నప్పుడు, కాగితం మీద ఎవరేం రాయించుకున్నారో అడిగే హక్కు ఎవరికీ లేదు. జనాభా లెక్కల్లో మా పల్లెలో క్రైస్తవులు లేనట్టే. ఆదివారం పదిన్నరకి ఎవరు వచ్చి చాప మీద కూర్చుంటారో వాళ్ళే సంఘం. దానికి వేరే రుజువు లేదు. వాళ్ళు కూడా రాకపోతే, పక్కూరివాళ్ళకి అదొక రేకుల షెడ్డు.

నమ్మకం మాటకొస్తే నాకింకా తేలలేదు. ఊళ్ళో ఉన్న ఆదివారాలు మాత్రం వెళ్తున్నాను. ఇదే పెద్దమ్మతో అన్నాను, నేనేదో మొహమాటానికొచ్చి కూర్చుంటున్నాను, లోపల ఏమీ లేదు పెద్దమ్మా అని. ఆమె తమలపాకు నములుతూ వింది. “నాక్కూడా అన్ని ఆదివారాలూ ఉంటదా ఏంది? మీ పెదనాన్న పోయినప్పుడు ఏడాది పాటు నోటితోనే పాడాను. నువ్వొస్తే గొంతు కలుపుతావా లేదా, అది చెప్పు” అంది.

లైవ్ తీసెయ్యలేదు. అక్క కోసమూ, అక్కలాంటివాళ్ళ కోసమూ ఉంచాం. ఊళ్ళోవాళ్ళకి మాత్రం అయ్యగారు మొహం మీదే చెప్పేశారు, లేవలేనివాళ్ళుంటే చెప్పండి, కుర్రాళ్ళు కుర్చీలో మోసుకొస్తారని. కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. మొన్న వెళ్ళినప్పుడు చాపల మీద ఇరవై ఆరుమంది ఉన్నారు. రెండో గంట కొట్టారు. పెద్దమ్మ వెనక్కి తిరిగి చూసింది. “తూర్పింటాయన రాలేదే” అంది. ఒక పిల్లోడు చెప్పులేసుకోకుండానే పరిగెత్తాడు. మామ డోలకు పక్కన పెట్టాడు. అందరూ అలాగే కూర్చున్నాం.

జేబులో ఫోను మోగింది. కువైట్ నుంచి అక్క మెసేజ్: “టైమయింది, పాట రావట్లేదేంది? నెట్ పోయిందా?”

“ఉంది. ఒకళ్ళు రావాలి, ఆగు” అని టైప్ చేశాను.