పథ్యము

పథ్యమను మాట వైద్యశాస్త్రము నుండి వచ్చి మన వంటయింట స్థిరపడినది. పథమునకు, అనగా త్రోవకు, అనుకూలమైనది పథ్యము. కాని వ్యవహారములో తినదగినదను అర్థము వెనుకబడి, మానవలసినదను అర్థమే ముందుకు వచ్చినది. ఆటిజం గల పిల్లల ఆహారమును గూర్చి నేడు తల్లిదండ్రులకు అందుచున్న సలహాలలో పెక్కు ఈ రెండవ అర్థమునకు చెందినవే.

సూరత్తు నుండి భరూచ్ పోవు రైలుమార్గములో కిమ్ అను చిన్న పట్టణము కలదు. సమీపమున పారు కిమ్ నది పేరే ఊరి పేరు. మగ్గమును నమ్ముకొని తెలంగాణము నుండి సూరత్తు ప్రాంతమునకు వలసవచ్చిన పద్మశాలీ కుటుంబములు అనేకము. మా అన్నగారి కుమార్తె మెట్టినది అట్టి ఇల్లే. ఆమె కాపురము కిమ్‌లో. భర్త పని మరమగ్గముల మీద. వారి పిల్లవానికి ఆరేండ్లు. వానికి మాటలు రెండో మూడో. తినునవి నాలుగు: పాలు, గోధుమరొట్టె, ఏమియు కలపని తెల్లన్నము, ఒకే రకపు బిస్కట్టు. పప్పు తగిలిన మెతుకును వాడు అన్నముగా అంగీకరింపడు.

ఎవరో ఇచ్చిన హిందీ కాగితమొకటి నా చేతికిచ్చి, తెలుగు చేసి పెట్టుమని ఆమె అడిగినది. అందు పదునేడు వాక్యములు; పదునేడును నిషేధములే. గోధుమ వలదు, పాలు వలదు, చక్కెర వలదు. క్రియ ఒక్కటే గనుక అనువాదము సులభముగానే సాగినది. ముగించిన పిమ్మట లెక్కించి చూచితిని. పిల్లవాడు తిను నాలుగింటిలో మూడు పోయినవి. మిగిలినది వట్టి అన్నము.

“పాలు మాన్పిస్తే వీనికి మాటలొస్తయా, చిన్నాయనా?” అని ఆమె అడిగినది.

ఈ ఆశ వెనుక ఒక చరిత్ర కలదు. 1943లో అమెరికా వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలను వర్ణించి ఆటిజమును లోకమునకు తెలిపినపుడే, వారిలో పలువురు శైశవము నుండి ఆహారమునకు ఎదురుతిరిగినవారని వ్రాసెను. తరువాతి కాలమున ఒక ఊహ వ్యాపించినది: గోధుమలోని గ్లూటెన్, పాలలోని కేసీన్ సరిగా జీర్ణము గాక, నల్లమందు వంటి పదార్థములుగా మారి మెదడును చేరునని. ఊహ చక్కనిది, పరీక్షకు నిలువలేదు. అమెరికాలో 14 మంది పిల్లలకు ఈ రెండును మాన్పించి, పిమ్మట ఎవరికి ఏది పెట్టుచున్నారో తల్లిదండ్రులకు గాని పరిశీలకులకు గాని తెలియకుండ తిరిగి పెట్టి చూచిరి. 2016లో వెలువడిన ఆ ఫలితములలో నడవడియందు గాని నిద్రయందు గాని చెప్పుకోదగిన భేదము కానరాలేదు. పిల్లల సంఖ్య స్వల్పమే. కాని ఇంత జాగ్రత్తగా జరిగిన పరిశీలనలు అరుదు. పాలు మాన్పుటకు వెల కూడ కలదు. 2008లో ప్రకటితమైన మరియొక పరిశీలనలో ఆటిజం గల బాలుర ఎముకలు పలుచనివని తేలినది. కేసీన్ మానినవారిలో ఆ లోపము మరింత అధికము.

అట్లని ఆహారమునకును బాధకును సంబంధమే లేదనరాదు. మాటలేని పిల్లవాడు కడుపునొప్పిని మాటతో చెప్పలేడు. ఏడ్చును, తల కొట్టుకొనును, నిద్రపోడు. మలబద్ధకమును కుదిర్చినంతనే శాంతించు పిల్లలు కలరు. గోధుమ నిజముగా సరిపడని సీలియాక్ అను వ్యాధియు కలదు. దానికి గోధుమ మానుటయే చికిత్స. కాని రక్తపరీక్ష గోధుమ తినుచుండగానే చేయవలెను. ముందే మాన్పినచో ఉన్న వ్యాధియు బయటపడకపోవచ్చును.

ఇదంతయు నేను ఆమెకు చెప్పితిని. సూరత్తులోని పిల్లల వైద్యునికి చూపిరి. రక్తపరీక్షలో వ్యాధి లేదని తేలినది. పాలును రొట్టెయు నిలిచినవి. మలబద్ధకమునకు మందు ఇచ్చిరి. ఉన్నవానిని తీసివేయక, క్రొత్తదానిని ఒక్కొక్కటిగా ప్రక్కన పెట్టుడని, తినుమని బలవంతపెట్టవలదని వైద్యుడు చెప్పెను.

క్రొత్తది ఏది? దానిని కనుగొన్నది పిల్లవాని నాయనమ్మ. జొన్నరొట్టె తెలంగాణములో మన ఇంటి తిండి. సూరత్తు పల్లెలలోను జొన్న రోట్లా ఇంటింటి తిండియే. శీతకాలమున అచ్చట లేతజొన్న గింజలను పోంక్ అని పండుగవలె తిందురు. జొన్నరొట్టె గుండ్రనిది, పొడిగా నుండునది, తెల్లనిది. వానికి పరిచితమైన రూపము. ఆమె వ్రేలి గోరంత ముక్కను గోధుమరొట్టె ప్రక్కన దినదినము పెట్టినది. మొదట వాడు పళ్లెము నుండి విసరివేసెను. కొన్ని వారములకు దానిని ఉండనిచ్చెను. పిదప వాసన చూచెను, నాలుకకు తాకించెను. మూడవ నెలలో నమలి మ్రింగెను.

దానివలన మాటలు రాలేదు. వచ్చునని ఎవరును అనలేదు. తినునవి నాలుగు ఐదైనవి. ఇపుడు పళ్లెములో ఉడికిన గ్రుడ్డు తెల్లసొన ముక్క యొకటి ఉండుచున్నది. వాడింకను దానిని ముట్టలేదు.