మా ఒంటి కొలత

మా అవ్వ రైకకు గుండీలు లేవు. ముందట రెండు కొసలు దగ్గరికి గుంజి ముడేసేది. చీర గోచి పెట్టి మోకాళ్ల మీదికి కట్టేది. నాట్లేసేటప్పుడు బురద అంటకుండా అట్ల కడుతుందని చాలా ఏండ్లు అనుకున్నాను. అది సగం నిజమే. పొలంలకెల్లి వచ్చి కాళ్లు కడుక్కున్నంక కూడా ఆ చీర మడమల దాకా దిగేది కాదు. గడి ముందటి నుంచి పోయేటప్పుడు అసలే దిగేది కాదు. కుచ్చిళ్లు పోసి పాదాల మీద పడేటట్టు కట్టుకున్న మాదిగ ఆడది కనబడితే "ఏమే, దొరసానివైతున్నవా?" అని అడిగేటోళ్లు. ఆ ప్రశ్నకు నోటితో జవాబు చెప్పేది లేదు. చీర ఎగజెక్కుకోవాల్సిందే.

అందుకే ఒంటికి ఏ బట్ట నప్పుతుంది అనే మాట మా ఇండ్లల్లకు చాలా ఆలస్యంగా వచ్చింది. అంతకు ముందు మాకున్నది ఒక్కటే ప్రశ్న: మనను ఏది కట్టుకోనిస్తరు?

ఇది ఒక్క నల్లగొండ ముచ్చట కాదు. తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్లు రొమ్ము మీద బట్ట కప్పుకునేందుకు దశాబ్దాల తరబడి కొట్లాడిన్రు. చివరికి 1859లో రాజు ఉత్తర్వు ఇచ్చిండు. కప్పుకోవచ్చు, కానీ పై కులాల ఆడవాళ్లు కప్పుకునే తీరుగ మాత్రం కాదు అని ఆ ఉత్తర్వులోనే మెలిక. చూడండి, బట్ట ఉన్నదా లేదా అన్నది కాదు అసలు పంచాయితీ. బట్ట తీరు, దాని కట్టు, దాని ఆకారం. వాటి మీదనే కులం కావలి కూసున్నది. 1927 డిసెంబరులో మహాడ్ సత్యాగ్రహానికి వచ్చిన ఆడవాళ్లతో అంబేద్కర్ మాట్లాడింది కూడా దీని గురించే. మీరు చీర కట్టే పద్ధతే మీ అంటరానితనానికి గుర్తు, దాన్ని చెరిపెయ్యండి, పై కులాల వాళ్లు కట్టినట్టు కట్టండి, ఇందుకు పైసా ఖర్చు కాదు అన్నడు. మెడకు, చేతులకు వేసుకునే బరువు వెండి నగలు కూడా తీసెయ్యమన్నడు. ఆయన సూటు బూటు మీద వెక్కిరింతలు రాసినోళ్లున్నరు. ఊరూరా విగ్రహంలో ఆ సూటే ఎందుకు నిలబడ్డదో మా వాడ పిల్లలకు ఎవ్వరూ చెప్పనక్కర లేదు.

మహిళల పత్రికల్లో ఒక శీర్షిక వస్తుంటది, మీ శరీరాకృతికి ఏ డ్రెస్ అని. ఆడవాళ్ల ఒళ్లును పండ్లకిందికి విడదీస్తరు. నడుము కింద వెడల్పైతే బేరిపండు, నడుము దగ్గర లావైతే ఆపిల్ పండు, పైనా కిందా సమానమై నడుము సన్నమైతే ఇసుక గడియారం. అందరికీ ఆశ ఆ ఇసుక గడియారం మీదనే. మరి భుజాలు వెడల్పై, తుంటి సన్నంగ ఉంటే? తిరగేసిన త్రికోణం. దాని కింద సలహా ఏముంటదంటే, భుజాలను ఎట్ల దాచుకోవాలి అని.

నేను అక్కడ ఆగిపోతాను. మా అవ్వవి, మా పెద్దమ్మవి, నావి అట్లాంటి భుజాలే. పుట్టుకతో వచ్చింది ఎంతో, తట్టలు, గడ్డిమోపులు మోసి వచ్చింది ఎంతో నేను లెక్క తీయలేను. మోసినోళ్ల ఒళ్లు కూసున్నోళ్ల కళ్లకు లోపం లెక్క కనిపిస్తది. పత్రికలో బొమ్మ ఎప్పుడూ ఎండ తగలని పిల్లదే.

మా ఊరి దర్జీ మా వాడోళ్లకు టేపు పెట్టకపోయేది. పాత రైక తెచ్చి అరుగు మీద వెయ్యి అనేటోడు. దాన్ని కూడా కట్టెతోని జరిపేటోడు. పాత రైకల సంక బిగువుంటే కొత్త రైకల కూడా సంక బిగువే. వీపు లూజైతే అదీ అంతే. పదేండ్ల పిల్లప్పటి కొలత పద్నాలుగేండ్ల దాకా నడిచింది. చెయ్యి ఎత్తితే కుట్టు పటక్కుమనేది. బడిల చెయ్యెత్తి జవాబు చెప్పక పోవడానికి ఇది కూడా ఒక కారణమంటే మీరు నమ్ముతరా?

ఇంటరు అయినంక కుట్టుపని నేర్చుకున్న. మొదటి రోజే నేర్పే ఆమె నా ఒంటి చుట్టు టేపు తిప్పింది. నాకు ఒళ్లంతా జలదరించింది. ఇంటోళ్లు కాని మనిషి నన్ను అట్ల ముట్టుకొని, అంకెలు పలికి, కాగితం మీద రాసుకోవడం అదే మొదలు. షోల్డర్ పదిహేను, ఛాతీ ముప్పై నాలుగు. ఆమె ముఖంలో జాలి లేదు, అసహ్యం లేదు. అంకెలే.

అప్పటి నుంచి నాకు తెలిసింది నాలుగు ముక్కలు చెప్తాను. రైక కుదిరిందా లేదా అనేది ఛాతీ దగ్గర కాదు, సంక దగ్గర తెలుస్తది. షోల్డర్ కుట్టు భుజం ఎముక కొసన ఆగాలె. కిందికి జారితే మనిషి వంగినట్టుంటది, పైకి పోతే చెయ్యి లేవదు. భుజాలు వెడల్పున్నోళ్లకు బుగ్గచేతులు ఎక్కువ బరువు. మెడ కోణంగ కోస్తే చూపు నిలువుగ దిగుతది. కమీజుకు నడుము కింద ఘేరు వదిలితే పైనా కిందా సరితూగుతది. కమీజు అంచు తొడల అన్నిటికన్నా లావైన చోట ఆగొద్దు, దానికి పైననన్న ఆగాలె, మోకాలు దాటన్న పోవాలె. పక్క కట్లు తుంటి కన్నా కిందినుంచి మొదలైతే నడిచేటప్పుడు బట్ట పట్టేస్తది. ఇంతే. ఇందులో దాచుకునేది ఏమీ లేదు. ఒళ్లు మెసలడానికి జాగ ఇయ్యడమే.

ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నోళ్లను పాలమూరుల చూసిన. పెండ్లయి అటు పోయినంక. ప్రాజెక్టు పనులకు దేశమంతా వలస పోయి మట్టి మోసిన ఆడవాళ్లు చీర మీద మొగోళ్ల పొడుగు చేతుల అంగీ తొడుగుతరు. ఎండ మాడ్చదు, తట్ట అంచు గీరదు, కొంగు జారదు, పైగా జేబు ఉంటది. ఆడోళ్ల బట్టకు జేబు ఎందుకు పెట్టరో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆ అంగీని ఏ ఫ్యాషన్ పుస్తకం లెక్కల పెట్టలేదు. కానీ తిరగేసిన త్రికోణానికి అంతకు మించి నప్పిన బట్ట నేను చూడలేదు.

చీరల సంగతి వేరే. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, విడివిడిగ నేసి కలుపుతరు. అంచు పెద్దది. పొట్టిగ ఉన్నోళ్లు పెద్ద అంచు కడితే మనిషి అడ్డంగ సగానికి తెగినట్టు కనబడ్తది. వాళ్లకు సన్నంచు చీర మేలు. ఇటు మా పోచంపల్లి చీర ఉన్నది. 1951లో వినోబా వచ్చినప్పుడు ఆ ఊర్ల మావాళ్లు అడిగింది 80 ఎకరాల భూమి, చీర కాదు. చీరల గురించి మాట్లాడుకునే తీరిక ఇప్పుడిప్పుడే వస్తున్నది.

డిగ్రీల నేను కుట్టుకున్న పంజాబీ డ్రెస్ వేసుకొని పోతే, తోటి అమ్మాయి ఒకామె "స్కాలర్‌షిప్ వచ్చినట్టున్నదే" అన్నది. చినిగినవి వేసుకుంటే మురికోళ్లం, కుదిరినవి వేసుకుంటే సర్కారు సొమ్ము తినెటోళ్లం. మనోళ్లలో కూడా కొందరన్నలు, ఉద్యమంలో ఉన్న పిల్లకు ఈ సోకులేంది అన్నరు. వాళ్ల ఇస్త్రీ చొక్కా మడత నలగలేదు ఆ మాట అన్నప్పుడు. ఆ అన్నల మీద నాకు గౌరవమే, కానీ ఈ ఒక్క మాట మీద ఇప్పటికీ కొట్లాడుతాను. కొలతకు కుట్టిన బట్ట వేసుకోవాలనుకోవడం సోకు కాదు. తరతరాలు ఇంకొకరు విడిచిన బట్ట తొడిగినోళ్లకు అసలే కాదు.

ఇప్పుడు మా ఇంట్ల మిషిన్ ఉన్నది. వాడ పిల్లలు వస్తుంటరు. మొన్న హాస్టల్‌ల చదివే ఒక పిల్ల నిండు పసుపుపచ్చ బట్ట తెచ్చింది. వెనకాల వచ్చిన వాళ్లమ్మ, "నల్లపిల్లకు ఆ రంగేంది, నువ్వన్న చెప్పు చెల్లే" అన్నది. నేను చెప్పలేదు. పిల్లను నిలబెట్టి టేపు తిప్పిన. భుజాలు నా లెక్కనే ఉన్నయి, మెడ నిటారుగ ఉన్నది. అంబ్రెల్లా కట్ కావాలంట, మడమల దాకా. తెచ్చింది రెండున్నర మీటర్లు, ఆ ఘేరుకు చాలదు. ఇంకో మీటరు తెమ్మని పంపిన.