గురి తప్పలేదు, లెక్క తప్పింది

బేకర్స్‌ఫీల్డ్, కాలిఫోర్నియా
గురువారం రాత్రి

చి॥ తమ్ముడికి,

ఫ్రీమాంట్ నుంచి పొద్దున్నే బయలుదేరాం. అబ్బాయి కారు నడిపాడు. పక్కన కోడలు, వెనక మనవడికీ, చిన్నదైన మనవరాలికీ మధ్య నేను. దారి పొడుగునా బాదం తోటలు, ద్రాక్ష తోటలు. ఫ్రెస్నో చుట్టుపక్కల ద్రాక్షగుత్తులు కోసి తోటలోనే కాగితాల మీద ఆరబోసి కిస్‌మిస్ చేస్తారట. ఆ వివరాలన్నీ మరదలికి విడిగా రాస్తాను. నీకు రాయాల్సింది నీ పనికి సంబంధించిన సంగతి.

మధ్యలో ఒక వినోదాల పార్కులో ఆగాం. దాని పేరూ ఊరూ రాయను. అక్కడ బండిలో కూర్చుని చీకటి గదుల్లోంచి వెళ్తూ బొమ్మల్ని కాల్చే ఆట ఉంది. బండికి రెండు తుపాకులు, ఎదురుగా చిన్న డబ్బా మీద ఎర్ర అంకెలు, ఎవరి లెక్క వాళ్ళకి. నేనూ చిన్నదీ ఒక బండి ఎక్కాం. కాసేపటికి నా వైపు అంకెలు వేలల్లోకి వెళ్ళాయి. దాని వైపు సున్నా.

గురి కుదరడం లేదేమోనని నేను కాల్చడం ఆపి దాన్నే చూస్తూ కూర్చున్నాను. రెండు చేతులతో తుపాకి పట్టుకుని, గడ్డం బండి అంచుకి ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. పైన దూలానికి ఒక గబ్బిలం బొమ్మ వేలాడుతోంది. అది రెక్క విప్పినప్పుడు గుండె దగ్గర చిన్న దీపం వెలుగుతుంది. ఆ దీపం వెలిగేదాకా ఆగి మీట నొక్కింది. గబ్బిలం కీచుమంటూ కిందికి జారింది. గురి తగిలినట్టే కదా? సున్నా మాత్రం కదల్లేదు. అదే క్షణంలో నా అంకెలు పెరిగాయి, నా చేతులు ఒళ్ళో ఉన్నాయి.

దిగేచోట పెద్ద తెర మీద అందరి ఫోటోలూ, వాటి కింద మార్కులూ వేస్తున్నారు. దాని ఫోటో కింద సున్నా చూసి ముందు బండిలోని పిల్లలు నవ్వారు, దాని అన్న కూడా నవ్వాడు. అక్కడి కుర్రాడికి చెబితే, అప్పుడప్పుడూ అంతే అవుతుంది, ఇంకో బండి ఎక్కండి అన్నాడు. మర్యాదగానే అన్నాడు. చిన్నది ఎక్కనంది. కారెక్కాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "నానమ్మా, గబ్బిలం పడింది కదా! మరి నాకెందుకు రాలేదు?"

ఈ ప్రశ్నకి సరైన జవాబు చెప్పాలి. అది నువ్వూ నేనూ కలిసి వెతకాలి. విజయవాడ మాల్‌లో గేమ్ జోన్ మెషిన్లు బాగుచేసేది నువ్వే గదా.

అనహైమ్
శనివారం రాత్రి

చి॥ తమ్ముడికి,

నిన్న సాయంత్రం లాడ్జి గదిలో చిన్నదానికి పాఠం మొదలుపెట్టాను. దీపాలు ఆర్పి, టీవీ రిమోట్ దాని చేతికిచ్చి బటన్ నొక్కమన్నాను. ఏమీ కనిపించలేదంది. రిమోట్ మూతిని ఫోన్ ముందు కెమెరాకి ఎదురుగా పెట్టి నొక్కించాను. తెర మీద లేత ఊదారంగు చుక్క టపటపా మెరిసింది. అరిచినంత పని చేసింది. మన కంటికి ఆనని ఇన్‌ఫ్రారెడ్ కాంతి కెమెరాకి ఆనుతుందనీ, మొన్నటి తుపాకిలోంచి వెళ్ళేది కూడా దాదాపు ఇదేననీ చెప్పాను. బయటికి కనిపించే ఎర్రచుక్క మన గురి కోసం. లెక్కకి వచ్చేది కనిపించని వెలుగు.

నీకు తెలిసిందే, ఆ వెలుగు ఊరికే వెలగదు. సెకనుకి ముప్ఫై ఎనిమిది వేలసార్లో అటూ ఇటుగానో మినుకుమంటూ, ఆ మినుకుల్లోనే ఒక నెంబరు మోసుకెళ్తుంది. నీ షాపులో డబ్బాలకొద్దీ ఉండే టీఎస్‌ఓపీ 1738 లాంటి రిసీవర్ బొమ్మలో కూర్చుని ఆ నెంబరు చదువుతుంది. ఏ తుపాకి కాల్చిందో తెలిసేది అలాగే. మరి రెండు తుపాకులూ ఒకే నెంబరు పంపితే? బొమ్మ రెండింటికీ పడుతుంది, మార్కు మాత్రం ఒకరి ఖాతాలోకే పోతుంది. మా బండిలో జరిగింది ఇదేనని నా ఊహ. తుపాకి బోర్డు మార్చినప్పుడు నెంబరు పెట్టే డిప్ స్విచ్ సరిగ్గా పెట్టలేదేమో. నువ్వేమంటావో రాయి.

ఇవాళ డిస్నీలాండ్ చూశాం. 1955లో మొదలైన పార్కు. అందులో ఫ్రాంటియర్‌లాండ్ అనే భాగంలో 1957 నుంచి తుపాకి గురి చూసే చోటు ఒకటుంది. మొదట్లో నిజంగానే సీసపు గుళ్ళు కాల్చేవారు. గుళ్ళ దెబ్బకి బొమ్మల రంగు రేగిపోతే, మర్నాటికల్లా మళ్ళీ రంగు వేయాల్సి వచ్చేదట. 1985లో ఆ గుళ్ళు తీసేసి ఇన్‌ఫ్రారెడ్ పెట్టారు. వెలుగుతో కాల్చే ఆట అంతకంటే చాలా పాతది. అమెరికాలో సీబర్గ్ కంపెనీ 1936లోనే రే-ఓ-లైట్ అని ఎగిరే బాతుని కాంతితో కొట్టే యంత్రం చేసింది. బాతులో ఉండే ఫోటోట్యూబ్ మీద వెలుగు పడితే బాతు పడుతుంది.

ఇది విన్నాక నాకు మన తిరునాళ్ళలో బెలూన్ల షాపు గుర్తొచ్చింది. అక్కడ బెలూన్ పగిలిందంటే పగిలింది, దానికి సాక్షులు అక్కర్లేదు. షాపువాడు కాదన్నా పిల్లాడు రబ్బరు ముక్క ఏరి చూపిస్తాడు. సీసపు గుండూ అంతే, రంగు మీద దెబ్బ మిగులుతుంది. వెలుగు ఏ గుర్తూ మిగల్చదు. అది తగిలిందనడానికి ఉన్న ఒకే ఆధారం ఆ ఎర్ర అంకెలు. ఆ అంకెలు కదలకపోతే పిల్ల చేతిలో చూపించడానికి ఏమీ ఉండదు. మొన్న చిన్నదాని నోరు మూయించింది ఆ సున్నానే.

మధ్యాహ్నం బజ్ లైట్‌ఇయర్ ఆస్ట్రో బ్లాస్టర్స్ ఎక్కాం. 2005లో వచ్చింది. ఇదే రకం ఆట ఫ్లోరిడాలో 1998లోనే మొదలైంది. బొమ్మల మీద గురి గుర్తులకి ఆకారాన్ని బట్టి విలువ: గుండ్రటిదానికి 100, చతురస్రానికి 1,000, డైమండ్‌కి 5,000, త్రిభుజానికి 10,000. ఇక్కడి తుపాకి చేత్తో ఎత్తి పట్టుకోవచ్చు. చిన్నది మొదటి గదిలోనే ఒక గుండ్రటి గుర్తుని కొట్టి, వెంటనే కిందికి చూసి, వంద పడిందని తేల్చుకున్నాకే మిగతా వాటి మీదికి తుపాకి ఎత్తింది. ఎవరూ చెప్పకుండానే లెక్కని పరీక్షించుకుంది.

అనహైమ్
ఆదివారం

చి॥ తమ్ముడికి,

ఇవాళ పక్కనే ఉన్న కాలిఫోర్నియా అడ్వెంచర్ పార్కు. టాయ్ స్టోరీ మిడ్‌వే మేనియా 2008 జూన్‌లో ఇక్కడ తెరిచారు. ఇందులో విడి బొమ్మలుండవు. త్రీడీ అద్దాలు పెట్టుకుని పెద్ద తెరల ముందు ఆగుతూ వెళ్ళాలి. ఫిరంగిలాంటి దానికి ఒక తాడుంటుంది, లాగితే తెర మీదికి గుడ్డో బాణమో దూసుకెళ్తుంది. పింగాణీ పళ్ళేలు పగులుతాయి, బెలూన్లు పేలుతాయి.

ఇక్కడ లెక్క వేరు. ఫిరంగి ఎటు తిరిగిందో, ఎంత పైకి లేచిందో కొలిచి, గుడ్డు తెర మీద ఎక్కడ పడాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఇలాంటి ఆటల్లో బండి తెర ముందు ఆగాల్సిన చోట ఆగకుండా జానెడు అటూ ఇటూ అయినా, కొలిచే పరికరం అరిగి కొంచెం పక్కకి జరిగినా, గురి మొత్తం ఒక పక్కకి లాగేస్తుంది. ఆడేవాళ్ళేమో తమ చెయ్యి కుదరడం లేదనుకుంటారు. దగ్గర్లోనే 2021లో తెరిచిన వెబ్ స్లింగర్స్ అనే ఆటలో తుపాకీ కూడా లేదు. గాల్లోకి చెయ్యి విసిరితే సాలెదారం వెళ్తుంది, చేతి కదలికని సెన్సర్లు చదువుతాయి. చేతికీ లెక్కకీ మధ్య ఉన్న ఇనుము, వైరు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. తగ్గేకొద్దీ తప్పు ఎక్కడ జరిగిందో ఆడేవాళ్ళు కనిపెట్టడం కష్టమవుతోంది.

తప్పు లెక్క ఎప్పుడూ సున్నా వైపే పోదు. చీకటి గదుల్లో తిరిగే ఈ ఆటల్లో కొన్నిటికి బళ్ళన్నీ ఒకే గొలుసుకి కట్టి ఉంటాయి. నడవలేనివాళ్ళు ఎక్కేటప్పుడు గొలుసు నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఆగుతుంది. అప్పుడు పెద్ద విలువున్న గుర్తు ఎదురుగా ఆగిన బండికి పండగే. అదే గుర్తుని మళ్ళీ మళ్ళీ కొట్టి లక్షలు పోగేయొచ్చు. ఫ్లోరిడా బజ్ లైట్‌ఇయర్ ఆటలో మొదటినుంచీ ఉన్న డబ్బాకి ఆరంకెలే ఉండేవి, 9,99,999 దగ్గర అది ఆగిపోయేది. అక్కడికి చేరినవాళ్ళకి గెలాక్టిక్ హీరో అని బిరుదు. అందులో గురి ఎంత, బండి ఆగిన చోటు ఎంత అని ఎవరు విడదీస్తారు? మీటలో కాంటాక్ట్ అరిగిపోతే ఒక్కసారి నొక్కినా నాలుగుసార్లు నొక్కినట్టు చదువుతుంది. మెరుగుపెట్టిన గోడ మీద పడ్డ వెలుగు తిరిగొచ్చి చూడని బొమ్మకి తగులుతుంది. ఇద్దరు ఒకే క్షణంలో ఒకే బొమ్మని కొడితే రెండు నెంబర్లూ కలగాపులగమై ఎవరికీ పడకపోవచ్చు. రిసీవర్ మీద దుమ్ము, సోల్డర్ ఊడిన వైరు, ఇవి నీకు రోజూ ఉండేవే.

మిడ్‌వే మేనియాలో నాకు బాగా నచ్చింది అసలు ఆటకి ముందు వచ్చే తెర. దాని మీద అలవాటు కోసం ఊరికే కాల్చుకోవచ్చు. నీ ఫిరంగి పనిచేస్తోందా, నీ గురి ఎక్కడ పడుతోంది అని చూసుకున్నాకే పోటీ. ఇవాళ అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆ తెర ముందు ఒకళ్ళ గుర్తు ఒకళ్ళకి చూపించుకున్నారు. దిగాక ఓడిపోయినా చిన్నది కిమ్మనలేదు. ఆ లెక్కని అది నమ్మింది కాబట్టి ఓటమినీ ఒప్పుకుంది.

కలబాసస్
మంగళవారం

చి॥ తమ్ముడికి,

మాలిబు కొండల్లో వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చాం. తెల్లటి గోపురాలు, చుట్టూ ఎండుగడ్డి కొండలు. దర్శనం అయ్యాక అబ్బాయితో ఈ ఆట లెక్క సంగతే మాట్లాడాను. ఆటకి ఇంత పట్టింపు ఎందుకమ్మా, ఇంకో బండి ఎక్కితే పోయేది కదా అన్నాడు. నేను ఒప్పుకోలేదు.

ఇంటర్మీడియట్ స్పాట్ వాల్యుయేషన్‌లో ఏళ్ళ తరబడి కూర్చున్నదాన్ని నేను. దిద్దిన పేపర్లో మార్కులన్నీ ఉండి, మొదటి పేజీ మొత్తంలోకి ఒకటి రాకపోతే ఆ పిల్లవాడి చదువంతా ఏమైనట్టు? 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు నీకు గుర్తుండే ఉంటాయి. తెలుగులో 99 రావాల్సిన ఒక అమ్మాయికి సున్నా పడింది. మూల్యాంకనం చేసినవాళ్ళు అంకె గళ్ళు నింపడంలో చేసిన పొరపాటు అది. ఆ ఏడాది ఆ ఫలితాల తర్వాత ఎన్ని ఇళ్ళల్లో ఏడుపులు విన్నామో చెప్పక్కర్లేదు. ఆటనీ పరీక్షనీ ఒకటే అనడం లేదు. అయితే తొమ్మిదేళ్ళ పిల్లకి అంకెలంటే నమ్మకం పుట్టేదీ, పోయేదీ ఇలాంటి చోట్లే. తను చేసింది సరైనదని కళ్ళారా చూసి కూడా యంత్రం సున్నా అంటే, తన కళ్ళనే అనుమానించడం నేర్చుకుంటుంది. అది నాకు భరించరాని విషయం.

మార్కులు వేస్తామని చెప్పి డబ్బు తీసుకున్నవాళ్ళు సరిగ్గా వేయాలి. వేయలేకపోతే ఆ బండి పక్కన పెట్టాలి. లేదా అంకెల డబ్బాకి గుడ్డ కప్పి, ఇవాళ ఊరికే సరదాగా కాల్చుకోండి అని చెప్పాలి. పిల్లలు అందుకూ సంతోషంగానే ఎక్కుతారు. అప్పుడప్పుడూ అంతే అన్న కుర్రాడి మీద నాకు కోపం లేదు. పాడైందని తెలిసిన బండిని వరసలోంచి తీసే అధికారం అతనికి ఇవ్వనివాళ్ళ మీదే నా ఫిర్యాదు.

కాబట్టి నీ గేమ్ జోన్‌లో నాలుగు పనులు చెయ్యి. తుపాకి అందుకునే చోట దగ్గర్లోనే ఒక పరీక్ష గుర్తు పెట్టు, పిల్ల ఒకసారి కాల్చి తన అంకె కదిలిందో లేదో చూసుకున్నాకే ఆట మొదలవ్వాలి. ప్రతి తుపాకి మీదా దాని నెంబరు పెయింటుతో రాయి, బోర్డు మార్చిన ప్రతిసారీ రెండు తుపాకులూ ఒకే బొమ్మ మీద విడివిడిగా కాల్చి ఎవరి లెక్కలో పడిందో చూడమను. షట్టర్ దించే ముందు రిసీవర్లన్నీ మెత్తటి గుడ్డతో తుడిచి, పనిచేయనిదాన్ని రిజిస్టర్‌లో రాయమను. ఎవరైనా పిల్ల వచ్చి నాకు పడలేదు అంటే, ముందు తుపాకిని పరీక్షించాలి, పిల్ల గురి సంగతి ఆ తర్వాతే.

వీటికి ఖర్చెంతవుతుందో లెక్కవేసి ఫ్రీమాంట్ చిరునామాకి రాయి. యజమాని ఒప్పుకోకపోతే నేను విజయవాడ వచ్చాక నీతోపాటు వచ్చి కూర్చుని మాట్లాడతాను. చిన్నది అడిగినదానికి జవాబు చెప్పేశాను. నీ గబ్బిలం నిజంగానే పడింది, ఆ మార్కు నీదే, అది నా లెక్కలోకి వచ్చింది అన్నాను. అయితే ఆ పార్కువాళ్ళకి ఉత్తరం రాద్దామంది. బండి నెంబరు దానికి గుర్తుంది. రేపు ఇద్దరం కూర్చుని రాస్తాం, గబ్బిలం బొమ్మ కూడా వేసి చూపిస్తానంటోంది.

మరదలినీ పిల్లల్నీ అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
మీ అక్క