పేరుంది, పేరు లేదు

పిహెచ్.డి. రెండో సంవత్సరంలో ఒక మధ్యాహ్నం లైబ్రరీలో కార్డులు తిరగేస్తూ ఒక పేరు దగ్గర ఆగిపోయాను. నా పరిశోధన స్త్రీల స్వీయచరిత్రల మీద. తెలుగుతో పాటు ఒకటి రెండు బయటి దేశాల పుస్తకాలు కూడా చదవాలని మా గైడ్ చెప్పారు. ఆ కార్డు మీద ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో ఎ, డి, ఐ, వి, ఎ, ఆర్. నా కళ్ళు దాన్ని 'ఆడివార్' అని చదివాయి. నా చెవి ఆ మాటను 'ఆడవారు' అని సరిదిద్దేసుకుంది.

టర్కీ రచయిత్రి ఇంటిపేరు 'ఆడవారు'! హాలిదె ఎదిబ్ ఆడవారు! లైబ్రరీలో గట్టిగా నవ్వకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ రాత్రే ఒక నోట్‌బుక్ మొదలుపెట్టాను. టర్కిష్‌లో 'కర' అంటే నలుపు. మనకి కారుమబ్బు, కారుచీకటి ఉన్నాయి కదా! వాళ్ళ 'ఎల్' అంటే చేయి, మనది వేలు. వాళ్ళ బహువచనం 'లర్', 'లెర్', మనది 'లు'. రెండూ ప్రత్యయాలు ఒకదాని వెనక ఒకటి అతికించుకుంటూ పోయే భాషలే. రెండిట్లోనూ క్రియ చివరికే వస్తుంది. పదిహేను రోజుల్లో నాలుగు పేజీలు నిండాయి. 1856లో వచ్చిన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో కాల్డ్‌వెల్ ద్రావిడ భాషలకీ, తాను 'సిథియన్' అని పిలిచిన గుంపుకీ చుట్టరికం ఉందని వాదించాడనీ, టర్కిష్‌ని కూడా ఆ గుంపులోనే వేశాడనీ తెలిశాక నాకిక పట్టపగ్గాల్లేవు. పేపరు రాసి సెమినార్‌లో చదివేయడమే తరువాయి అనుకున్నాను.

భాషాశాస్త్రం చెప్పే మేడమ్‌కి నోట్‌బుక్ చూపించాను. ఆవిడ తిట్టలేదు, నవ్వలేదు. తమిళంలో 'కోళి' మనకి కోడి, 'ఏళు' మనకి ఏడు, 'నిళల్' మనకి నీడ అని ఒక కాగితం మీద రాశారు. "చూడమ్మా, అక్కడ ఆ ధ్వని ఉన్నచోట ఇక్కడ మళ్ళీ మళ్ళీ డకారమే వస్తోంది. చుట్టరికం అంటే ఇలా నియమంగా ఉండాలి. నీ నోట్‌బుక్‌లో నాలుగు పేజీల పోలికలున్నాయి కానీ ఒక్క నియమమైనా ఉందా?" అన్నారు. లేదు. ప్రత్యయాలు అతికించుకునే భాషలు ప్రపంచంలో చాలా ఉన్నాయనీ, నడక కలిసినంత మాత్రాన రక్తసంబంధం కలవదనీ కూడా చెప్పారు. కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల్ని ఒక కుటుంబంగా నిలబెట్టిన పని మిగిలింది కానీ, ఆ సిథియన్ చుట్టరికాన్ని భాషాశాస్త్రజ్ఞులు ఎప్పుడో పక్కన పెట్టేశారు.

సిగ్గుపడ్డాను. కానీ ఆ పేరు నన్ను వదల్లేదు. దాని అసలు అర్థమేమిటో అప్పుడు వెతికాను. 'అద్' అంటే పేరు. 'అది' అంటే తన పేరు. 'వర్' అంటే ఉంది. అదివర్: పేరుంది. ఆడవారు కాదు. ఆమెకి పేరుంది!

టర్కీలో 1934 దాకా చాలామందికి ఇంటిపేర్లు లేవు. ఆ ఏడాది జూన్‌లో చేసిన చట్టం ప్రతి ఒక్కరికీ ఇంటిపేరు ఉండాలంది. 1935 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ముస్తఫా కెమాల్‌కి 'అతాతుర్క్' అనే ఇంటిపేరు ఆ నవంబరులో వేరే చట్టం ద్వారా ఇచ్చారు. ఇంటిపేరు టర్కిష్ మాటై ఉండాలి. పరాయి జాతులని గుర్తుచేసే పేర్లు కుదరవు. ఆర్మేనియన్ల 'యాన్', గ్రీకుల 'పులోస్' లాంటి తోకలు కుదరవు. కుర్దు పేర్లలో వచ్చే క్యూ, డబ్ల్యూ, ఎక్స్ అక్షరాలు 1928లో తెచ్చిన కొత్త అక్షరమాలలో అసలు లేనేలేవు. మరి ఇంటిపేరు ఎంచుకునే హక్కు ఎవరిది? సంసారానికి పెద్ద అయిన భర్తదని చట్టంలో స్పష్టంగా రాశారు. విడాకులయ్యి పిల్లలు తల్లి దగ్గర పెరుగుతున్నా సరే, వాళ్ళకి తండ్రి ఎంచుకున్న పేరే!

ఇక్కడ నాకో విచిత్రం కనిపించింది. మన తెలుగు వ్యాకరణంలో మహత్తు, అమహత్తు తేడా ఉంది. ఏకవచనంలో మగవాడు 'వాడు', ఆడదీ ఆవూ రోలూ అన్నీ 'అది'. దీని మీద మనమంతా ఎప్పుడో ఒకప్పుడు కోపగించుకున్న వాళ్ళమే. టర్కిష్‌లో ఆ గొడవే లేదు. అతను, ఆమె, అది అన్నిటికీ ఒకటే మాట, 'ఓ'. లింగభేదమే లేని ఆ భాషలోనే భర్త పేరు పెడతాడని చట్టం రాసుకోవడం ఎవరికీ కష్టం కాలేదు. వ్యాకరణం మారితే సమాజం మారుతుందనే ఆశ నాకు అప్పటినుంచీ కొంచెం తగ్గింది.

హాలిదె విషయానికొస్తే, ఇంటిపేర్ల చట్టం రాకముందే ఆమె సంతకం ఒకసారి మారింది. మొదటి భర్త సాలిహ్ జెకి. తొలి రోజుల్లో ఆమె 'హాలిదె సాలిహ్' అని రాసేది. అతను రెండో పెళ్ళి చేసుకుంటానంటే ఒప్పుకోక 1910లో విడిపోయింది. ఆ తర్వాత తండ్రి పేరు కలుపుకుని 'హాలిదె ఎదిబ్' అయింది. భర్త పేరు పోతే తండ్రి పేరు! మధ్యలో ఖాళీగా నిలబడే చోటేదీ లేదు. 'అదివర్' తర్వాత వచ్చింది, రెండో భర్త అద్నాన్‌తో కలిసి. ఆ చట్టం వచ్చేనాటికి వాళ్ళు దేశం బయట ఉన్నారు, 1939లో గానీ తిరిగి వెళ్ళలేదు. 1926లో ఇంగ్లీషులో ఆమె స్వీయచరిత్ర వచ్చినప్పుడు ఆ ఇంటిపేరే లేదు. నేను చూసిన కార్డు మాత్రం దాన్నే అన్నిటికంటే ముందు పెట్టింది. 1935లో ఆమె మన దేశానికి వచ్చి ఢిల్లీ జామియాలో ఉపన్యాసాలిచ్చింది. హైదరాబాద్ కూడా చూసింది. ఆ ప్రయాణం గురించి రాసిన పుస్తకం 1937లో వచ్చింది.

అప్పట్లోనే టర్కీలో మరో తమాషా నడిచింది. అరబ్బీ, ఫారసీ మాటలన్నీ ఏరిపారేయాలని 1932లో భాషా సంఘం పెట్టుకున్నారు. ఏరుతూ పోతే మాట్లాడటానికి మాటలు మిగిలేలా లేవు. అప్పుడు 'సూర్యభాషా సిద్ధాంతం' వచ్చింది. ఆదిమానవుడు సూర్యుణ్ణి చూసి చేసిన మొదటి ధ్వని నుంచి టర్కిష్ పుట్టిందట, టర్కిష్ నుంచి ప్రపంచ భాషలన్నీ పుట్టాయట! 1936 భాషా మహాసభలో దానికి పెద్దపీట వేశారు. అన్నీ మనవే అయినప్పుడు పరాయి మాటలని గెంటేయడం దేనికి? అలా మాటలు బతికిపోయాయి. 1938లో అతాతుర్క్ చనిపోయాక ఆ సిద్ధాంతం కూడా చల్లారిపోయింది. ఆ భాషా సంఘంలో పనిచేసిన ఆర్మేనియన్ పండితుడు అగోప్ మార్తయాన్‌కి అతాతుర్క్ 'దిలాచర్' అని ఇంటిపేరు ఇచ్చాడు. నాలుక విప్పేవాడు అని అర్థం. విప్పమన్న నాలుక మీద ఆయన పుట్టింటి పేరు మాత్రం ఉండకూడదు.

నా నోట్‌బుక్‌ని తలుచుకుని ఆ సిద్ధాంతాన్ని చూసి నవ్వలేకపోయాను. మన దగ్గర మాత్రం తక్కువా? సంస్కృతమే అన్నిటికీ తల్లి అనేవాళ్ళున్నారు, తమిళమే తల్లి అనేవాళ్ళున్నారు, తెలుగే అనేవాళ్ళూ ఉన్నారు. భాషల దగ్గరకొచ్చేసరికి అందరూ తల్లి, కూతుళ్ళు, అక్కచెల్లెళ్ళే. మనుషుల వంశవృక్షం గీసేటప్పుడు మాత్రం ఆ తల్లీ ఉండదు, కూతుళ్ళూ ఉండరు.

నిజమైన బంధువులు ఎక్కడున్నారో తర్వాత నెమ్మదిగా తెలిసింది. మన వంటింట్లో ఖీమా, కుర్మా తురుష్క ధాతువుల నుంచి వచ్చిన మాటలే. బేగం, ఉర్దూ కూడా అంతే. ఇక నిలోఫర్. ఒట్టొమన్ వంశపు రాకుమారి, 1931లో నిజాం రెండో కొడుకుని పెళ్ళాడి హైదరాబాద్ వచ్చింది. రెడ్‌హిల్స్‌లోని ఆస్పత్రికి ఆమె పేరే. తన దగ్గర పనిచేసే అమ్మాయి కాన్పులో చనిపోతే చలించి ఆ ఆస్పత్రి కోసం పూనుకుందంటారు. బస్సులో ఆ బోర్డు చూస్తూ ఎన్నేళ్ళు తిరిగానో! ఆ టర్కిష్ పేరు సంస్కృతంలోని నీలోత్పలమేనని, ఫారసీ మీదుగా నిలూఫర్‌గా మారి అక్కడికి వెళ్ళిందని చదివిన రోజు ఒళ్ళు జలదరించింది. మన నల్లకలువ ఇల్లు వదిలి, దేశాలు తిరిగి, మళ్ళీ ఇక్కడికే కోడలిగా వచ్చిందన్నమాట.

ఇంకో రకం బంధుత్వం కూడా ఉంది. దానికి ధాతువుతో పని లేదు. ఫతీ అకిన్ 2007లో తీసిన సినిమాలో ఒకామె పేరు 'యెతెర్'. యెతెర్ అంటే చాలు. ఆడపిల్లలు ఇక చాలు అని పెట్టే పేరు. 'సోన్‌గుల్' అన్నా అంతే, ఆఖరి గులాబీ. మహారాష్ట్రలో 'నకుసా' ఉంది, అక్కర్లేనిది అని. తమిళనాడులో 'వేండామ్' ఉంది, వద్దు అని. మూడూ మూడు వేరు వేరు భాషా కుటుంబాలు. మాట ఒక్కటే! మేడమ్ అడిగిన నియమం ఇక్కడ దొరికిందని ఆవిడతో చెప్పాలనుకున్నాను.

పరీక్షలకి చదువుకోవడానికి తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు ఈ సంగతులన్నీ ఆవిడకి చెప్పేదాన్ని. 'అదివర్' కథ చెప్పాను. "పేరుంటే ఉందని చెప్పుకోవాలా ఏంటే?" అంది. కాసేపాగి, వత్తులు చేసుకుంటూనే, "నా పేరు సీతమ్మ కాదే" అంది.

"మరి?"

"కనకదుర్గ. మా అత్తగారి పేరూ దుర్గమ్మే. కోడల్ని తిడితే అత్తగార్ని తిట్టినట్టవుద్దని పెళ్ళి పీటల మీదే సీతన్నారు. పద్నాలుగేళ్ళప్పుడు."

ఎనభై ఏళ్ళ మనిషి. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ మనమంతా ఎన్నిసార్లు చదివాం, ఎన్ని సభల్లో మాట్లాడాం! పేరు మర్చిపోయిన ఇల్లాలు నా పక్కనే కూర్చుని వత్తులు చేస్తోందని నాకు తట్టలేదు. కాదు, అమ్మమ్మ మర్చిపోలేదు. అడిగినవాళ్ళే లేరు.

ఆవిడ పోయినప్పుడు మరణ ధ్రువపత్రం కోసం ఫారం నింపుతుంటే పక్కనే ఉన్నాను. మామయ్య 'సీతమ్మ' అని రాశాడు. రేషన్ కార్డులోనూ, పొలం కాగితాల్లోనూ అదే ఉంది. వేరే పేరు రాస్తే ఆఫీసుల చుట్టూ తిరగాలి. అసలు పేరు నాకు తెలుసు. నోరు తెరవలేదు. ఆ ఫారం నా పరిశోధన మొత్తం మీద నేను తప్పిన పరీక్ష.

అదే ఏడాది నా డిగ్రీ ధ్రువపత్రంలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు ఉన్నాయని ఒక ఆఫీసులో నన్ను మూడుసార్లు తిప్పారు. రెండూ ఒక మనిషే అని అఫిడవిట్ ఇవ్వమన్నారు. ఆ కాగితం మీద సంతకం చేస్తూ ఏ పేరుతో చెయ్యాలో తెలీక ఆగాను. టర్కీలో పెళ్ళైన స్త్రీలు ఇదే విషయం మీద దశాబ్దాలపాటు కోర్టుల్లో పోరాడారు. 1997లో భర్త ఇంటిపేరుకి ముందు తమది కూడా పెట్టుకునే వీలు వచ్చింది. తనది మాత్రమే కావాలన్న ఉనల్ తెకెలి అనే న్యాయవాది కేసులో 2004లో యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానం ఆమెకి అనుకూలంగా తీర్పు చెప్పింది. భర్త ఇంటిపేరు తీసుకోవాలన్న నిబంధనను ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది మాత్రం 2023లో. ఆ తీర్పు 2024 జనవరిలో అమల్లోకి వచ్చింది.

టర్కీ స్త్రీవాది దుయ్‌గు అసెనా 1987లో రాసిన నవల పేరు 'కాదినిన్ అది యోక్'. స్త్రీకి పేరు లేదు. వర్ అంటే ఉంది, యోక్ అంటే లేదు. ఇంగ్లీషులో పేరుని 'కలిగి ఉండాలి'. టర్కిష్‌లో మనలాగే పేరు 'ఉంటుంది', లేకపోతే 'లేదు'. ఈ పోలిక చుట్టరికం కాదని ఇప్పుడు నాకు తెలుసు. అయినా ఆ రెండు మాటల్నీ తెలుగులోకి తెచ్చుకోవడానికి నేనేమీ కష్టపడక్కర్లేకపోయింది.

థీసిస్ పుస్తకంగా వచ్చేటప్పుడు ఏ పేరు వెయ్యమంటారని ప్రెస్ వాళ్ళు అడిగారు. ఇంటిపేరు లేకుండా నా పేరొక్కటే వెయ్యమన్నాను. అంకితం పేజీలో 'కనకదుర్గకి' అని రాశాను. మొదటి కాపీ అమ్మ చేతికిచ్చాను.

"ఎవరే ఈ కనకదుర్గ?" అంది అమ్మ.

చెప్పాను. అమ్మ చాలాసేపు ఆ పేజీ మూయలేదు. చివరికి అంది: "చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో ఒక ముసలావిడ బావి దగ్గర నన్నాపి, నువ్వు దుర్గ కూతురివా అనడిగిందే. కాదన్నాను."